పదమూడు అక్షరాలు

మా నాన్న అక్షరానికింత అని తీసుకునేవాడు.
రాయి ధర వేరు, మోత కూలి వేరు.
మాది మూడక్షరాల ఇంటిపేరు, ఓట్.
"మనం చవగ్గా చస్తామే" అని నవ్వేవాడు.

ఆషెన్‌బ్రెన్నర్ అంటే పదమూడు.
ఈ అడవి అంచున, మా చర్చి వెనక,
మూడో వరస నుంచి గోడ దాకా అన్నీ వాళ్ళే.
నేను ఉలి పట్టడం నేర్చింది ఆ పేరు మీదే.
మొదట ఇంటికప్పులాంటి 'ఆ',
చివర్లో గేటుకి రెండు రెక్కల్లా జంట 'న'లు.
ఆ రెండింటి మధ్య ఎడం సరిగ్గా రావడానికి
నాకు రెండేళ్ళు పట్టింది.

బూడిద కాల్చేవాడు. అంతే దానర్థం.
కాలిందే కదా బూడిద, దాన్ని మళ్ళీ ఎవరు కాలుస్తారు?
చిన్నప్పుడు అడిగితే నాన్న సుత్తి ఆపకుండానే చెప్పాడు.
బూడిదరంగు బెరడున్న బీచ్ మాను నరికి, తగలబెట్టి,
ఆ బూడిదని నీళ్ళలో నానేసి, వడగట్టి,
ఇనప బానలో మరగ్గా మరగ్గా
అడుగంటిన ఉప్పుని మళ్ళీ కాల్చి తెల్లబరుస్తారు.
బండెడు మానుకి దోసెడు ఉప్పు.
ఆ దోసెడూ గాజు కొలిమి మింగేస్తుంది.

ఇక ఇది నా ఊహ.
పన్ను రాసే గుమాస్తా ఒకడు గుర్రం దిగి ఉంటాడు.
హాన్స్ ఎవడంటే ఆరుగురు నిలబడి ఉంటారు.
వంతెన పక్కవాడు, కుంటివాడు, మేకలవాడు...
పొగలోంచి దగ్గుకుంటూ ఆఖరున వచ్చినవాడు వీడు.
ఒక దగ్గుకీ ఇంకో దగ్గుకీ మధ్య
ఒక వంశానికి పేరు పడిపోయింది.
ఏం రాశారో చూపించినా వాడికి చదవడం రాదు.
వాడి బూడిద ఏ గుడి కిటికీలో
నీలంగా, ఎర్రగా వెలిగిందో వాడెరగడు.
వాడి గుడిసె కిటికీకి మాత్రం
పంది పొట్టతిత్తి సాగదీసి కట్టి ఉండేది.

మాన్లు అయిపోయాయి. కొలిమి ఆరింది.
పేరు మిగిలింది.
పేరేం తిని బతుకుతుంది ఇక్కడ?
మూటలో రొట్టెతో పాటు అదీ బయల్దేరింది.

మొన్న వసంతంలో బ్రెజిల్ నుంచి ఒకావిడ వచ్చింది.
లియోకాడియా, పళ్ళ డాక్టరు.
రాళ్ళ మధ్య తిరిగి తిరిగి
ఒక్కో అక్షరం గాడిలో వేలు పెట్టి తడిమింది,
పుచ్చిన పన్ను వెతికినట్టు.
తన కాగితం మీద పేరు పదక్షరాలే.
రేవులో ఎవరో చెవికి విన్నది విన్నట్టు రాసుకున్నారట.
"మిగతా మూడూ సముద్రంలో పడ్డాయి" అంది,
సామాను పోయినవాళ్ళు చెప్పినంత మామూలుగా.

శీతాకాలం రాకముందు గొట్‌ఫ్రీడ్ వచ్చాడు.
కరగండలో పుట్టాడు, ముసలితనంలో ఇటొచ్చాడు.
వాళ్ళమ్మ మెలిట్టాకి రాయి కావాలి.
ఓల్గా ఒడ్డున పుట్టిన మనిషి.
యుద్ధం నాడు ఆ పేరున్నందుకే రైలెక్కించారు,
పశువుల పెట్టెలో, గడ్డి మైదానాల దాకా.
చాలా ఏళ్ళు ఆ పేరు గట్టిగా పలికితే
పిల్లల నోటికి చెయ్యి అడ్డం పెట్టేదట.
"రష్యన్ లిపిలో చెక్కు" అన్నాడు.
"అమ్మకి సంతకం వచ్చింది అందులోనే."

నేనెప్పుడూ చెక్కని అక్షరం ఒకటుంది అందులో.
మన మూడింటి పని అదొక్కటే చేస్తుంది.
అడుగున ఒక గీత, మీద మూడు నిలువు గీతలు,
పొయ్యి మీంచి లేచిన మూడు మంటల్లా.
నాలుగు సార్లు కాగితం మీద గీసుకుని గానీ
రాయి మీద చెయ్యి వెయ్యలేదు.

మొత్తం పదకొండు. లెక్క అలాగే వేశాను.
ఆయన పదమూడింటికీ డబ్బు పెట్టాడు.
వద్దంటే వినలేదు.
"ఆ రెండూ దార్లో పోగొట్టుకుంది మేము.
బాకీ మాది."

నోట్లు సొరుగులో వేశాను. ఆయన బస్సుకి వెళ్ళాడు.
గాడుల్లో మిగిలిన తెల్లటి పొడిని
వంగి నోటితో ఊదుతుంటే
దగ్గొచ్చింది.